జనసంఖ్య మారితే లౌకిక రాజ్యం నిలుస్తుందా? – లెబనాన్ చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక దేశంలో మతాల వారీ జనసంఖ్య మారినప్పుడు ఆ దేశపు లౌకిక స్వభావం నిలుస్తుందా? ఈ ప్రశ్న నేడు అనేక దేశాలలో వినబడుతున్నది. ఐరోపాలో వలస వచ్చిన ముస్లింలను చూసి దీనిని అడుగుతున్నారు. మన దేశంలో ముస్లింలను, క్రైస్తవులను చూసి అడుగుతున్నారు. అడిగేవారి మనస్సులో సాధారణంగా ఒక ఊహ ఉంటుంది. లౌకికత అధిక సంఖ్యాకుల ఔదార్యం వలన కలిగినదని, వారి సంఖ్య తగ్గిన రోజున అది కూడా పోతుందని ఆ ఊహ. ఇది ఎంతవరకు నిజమో చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లౌకిక రాజ్యం అన్నప్పుడు మనం రెండు విషయాలను కలిపి చెబుతుంటాము. మొదటిది, రాజ్యానికి అధికార మతం ఉండకపోవడం, ప్రతివానికి మనస్సాక్షి స్వేచ్ఛ ఉండడం. రెండవది, పౌరుని హక్కులు, పదవులు అతని మతాన్ని బట్టి నిర్ణయం కాకపోవడం. ఈ రెండింటినీ వేరుచేసి చూడడానికి లెబనాన్ మంచి ఉదాహరణ. అక్కడ మొదటిది 1926 నుండి నేటివరకు రాజ్యాంగంలో ఉన్నది. రెండవది ఎన్నడూ పూర్తిగా లేదు. పదవులను మతాల సంఖ్యను బట్టి పంచుకున్నారు. జనసంఖ్య మారినప్పుడు ఈ రెండింటిలో ఏది నిలిచింది, ఏది కూలింది అన్నదే మన ప్రశ్న.

లెబనాన్‌ను ఎన్నుకోవడానికి మరొక కారణమున్నది. పరిశుద్ధ గ్రంథంలో లెబానోను అని, దేవదారు వృక్షాల దేశమని మనం చదివే ఆ ప్రాంతంలో క్రైస్తవులే ఒకప్పుడు అధిక సంఖ్యాకులు. మైనారిటీగా జీవించే మనకు, అధిక సంఖ్యలో ఉన్నప్పుడు క్రైస్తవులు ఏమి చేశారన్నది తెలుసుకోవలసిన విషయం.

1. పర్వత లెబనాన్ నుండి మహా లెబనాన్ వరకు

లెబనాన్ పర్వత ప్రాంతంలో శతాబ్దాలుగా మారోనైటు క్రైస్తవులు, ద్రూజులు కలిసి జీవించారు. 1860లో ఈ రెండు వర్గాల మధ్య ఘోరమైన కలహం జరిగి వేలాదిమంది, అధికంగా క్రైస్తవులు, మరణించారు. ఐరోపా రాజ్యాలు జోక్యం చేసుకున్నాయి. 1861లో ఒట్టోమాను సామ్రాజ్యం లోపలే ఈ పర్వత ప్రాంతానికి ప్రత్యేక పరిపాలన ఏర్పడింది. లెబనాన్‌కు చెందని ఒక క్రైస్తవుడు గవర్నరుగా ఉండాలని, మత వర్గాల ప్రతినిధులైన 12 మంది సభ్యుల సభ అతనికి తోడుగా ఉండాలని నిర్ణయించారు. మొదటి గవర్నరు దావూద్ పాషా అర్మేనియా కథోలికుడు. మతాన్ని బట్టి స్థానాలు పంచుకొనే పద్ధతి ఇక్కడ స్థిరపడింది. రక్తపాతాన్ని ఆపడానికి అది పుట్టిందని మనం మరువరాదు. ఆ తరువాత ఐదు దశాబ్దాలకు పైగా ఆ ప్రాంతం చాలావరకు శాంతిగా ఉన్నది.

ఆ పర్వత ప్రాంతంలో క్రైస్తవులు జనాభాలో సుమారు ఐదింట నాలుగు వంతులు. అయితే మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భయంకరమైన కరువు వచ్చింది. 1915లో మిడతలు పంటలను తినివేశాయి. మిత్రరాజ్యాల నౌకలు సముద్రతీరాన్ని దిగ్బంధించాయి. ఒట్టోమాను సైన్యం ధాన్యాన్ని వశం చేసుకున్నది. జనాభాలో సుమారు మూడవ వంతు మరణించారని చరిత్రకారులు అంచనా వేస్తారు. పంటభూములు లేని పర్వతం తనంతట తాను బ్రతకలేదని ఆ కరువు నేర్పింది. అందుచేత 1919లో మారోనైటు పాట్రియార్కు ఎలియాస్ హువాయిక్ పారిస్ శాంతి సభకు వెళ్లి, బెకా లోయను, తీర పట్టణాలను కలిపిన విశాల లెబనాన్ కావాలని కోరాడు.

1920 సెప్టెంబరు 1న ఫ్రెంచి సేనాని గూరో మహా లెబనాన్ రాజ్యాన్ని ప్రకటించాడు. బేరూతు, త్రిపోలి, సీదోను, తూరు, బెకా లోయ ఇందులో చేరాయి. ఈ ప్రాంతాలలో సున్నీ, షియా ముస్లింలు అధికం. అంతకు ముందు ఐదింట నాలుగు వంతులుగా ఉన్న క్రైస్తవులు ఒక్కసారిగా సగానికి కొంచెం పైన నిలిచారు. లెబనాన్‌లో మత నిష్పత్తి మొదట మారినది జననాల వలన కాదు, మతమార్పిడి వలన కాదు. క్రైస్తవ నాయకులే కోరిన సరిహద్దుల వలన. భూమి కావాలి గాని ఆ భూమి మీది ప్రజల సంఖ్య వద్దు అన్న వైరుధ్యం ఆ రాజ్యపు పుట్టుకలోనే ఉన్నది.

2. 1926 రాజ్యాంగం: రెండు అధికరణాలు

1926 మే 23న లెబనాన్ రాజ్యాంగం అమలులోనికి వచ్చింది. అందులో రెండు అధికరణాలు మన చర్చకు ముఖ్యం.

తొమ్మిదవ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛ సంపూర్ణమని చెబుతుంది. రాజ్యం సర్వోన్నతుని ఘనపరుస్తూ అన్ని మతాలను గౌరవిస్తుందని అంటుంది గాని ఏ మతాన్నీ రాజ్య మతంగా ప్రకటించదు. వివాహం, వారసత్వం వంటి వ్యక్తిగత విషయాలను ఆయా మత వర్గాలకు విడిచిపెడుతుంది. తొంభై అయిదవ అధికరణం వేరొక మాట చెబుతుంది. తాత్కాలికంగా, ప్రభుత్వ ఉద్యోగాలలో, మంత్రివర్గంలో మత వర్గాలకు న్యాయమైన ప్రాతినిధ్యం ఉండాలని అది నిర్దేశిస్తుంది.

మొదటిది మనిషిని చూసి వ్రాసినది. రెండవది సంఖ్యను చూసి వ్రాసినది. తాత్కాలికం అన్న మాట అందులో ఉన్నప్పటికీ, తరువాతి చరిత్రను ఎక్కువగా నడిపించినది అదే.

అయినను తొలి సంవత్సరాలలో వ్యవస్థ ఇంకా గట్టిపడలేదు. మొదటి అధ్యక్షుడు చార్లెస్ దబ్బాస్ మారోనైటు కాదు, గ్రీకు ఆర్థొడాక్సు సంఘస్థుడు. 1932లో మహమ్మద్ అల్ జిస్ర్ అనే సున్నీ ముస్లిం నాయకుడు అధ్యక్ష పదవికి పోటీ చేయ సిద్ధపడ్డాడు. కొందరు క్రైస్తవులు కూడా అతనిని సమర్థించారు. అటువంటి ఎన్నిక జరగకుండా ఫ్రెంచి హైకమిషనరు పొన్సో అదే సంవత్సరం మే నెలలో రాజ్యాంగాన్నే నిలిపివేశాడు. మత నిష్పత్తిని కాపాడడం కోసం ఒక ముస్లిం అభ్యర్థిని ఆపారు. అతనితోపాటు రాజ్యాంగం కూడా ఆగిపోయింది.

3. 1932 జనగణన, 1943 ఒడంబడిక

ఆ 1932 సంవత్సరం ఆరంభంలోనే జనగణన జరిగింది. క్రైస్తవులు సగానికి కొద్దిగా ఎక్కువ, సుమారు 51 శాతం, అని తేలింది. విదేశాలకు వలస వెళ్లినవారిలో క్రైస్తవులే అధికం. వారిని కూడా కలిపి చూపినప్పుడు ఈ ఆధిక్యత మరింత పెద్దదిగా కనబడింది. ఎవరిని పౌరులుగా లెక్కించాలి, ఎవరిని పరదేశులుగా విడిచిపెట్టాలి అన్నది అప్పటికే రాజకీయ ప్రశ్న అయినది.

లెబనాన్‌లో ఇదే చివరి అధికారిక జనగణన. తొంభై ఏళ్లు దాటినా మతాల వారీగా ప్రజలను తిరిగి లెక్కించలేదు.

1943లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మారోనైటు నాయకుడు బిషారా అల్ ఖూరీ, సున్నీ నాయకుడు రియాద్ అల్ సుల్హ్ ఒక మౌఖిక అంగీకారానికి వచ్చారు. దీనినే జాతీయ ఒడంబడిక అంటారు. క్రైస్తవులు ఫ్రాన్సు రక్షణను వెదకకూడదు. ముస్లింలు సిరియాతోనో విశాల అరబు రాజ్యంతోనో ఐక్యతను వెదకకూడదు. అధ్యక్షుడు మారోనైటు, ప్రధానమంత్రి సున్నీ. కొద్దికాలంలోనే పార్లమెంటు స్పీకరు షియా అన్నది కూడా ఆచారమైంది. పార్లమెంటులో ప్రతి ఆరుగురు క్రైస్తవులకు ఐదుగురు ముస్లింలు. ద్రూజులను ముస్లింల వైపు లెక్కించారు.

ఈ నిష్పత్తి ఎంత కఠినంగా పాటించబడిందో సభ్యుల సంఖ్యలోనే చూడవచ్చు. 1943లో 55, 1951లో 77, 1953లో 44, 1957లో 66, 1960లో 99. ఎన్నికల చట్టం ఎన్నిసార్లు మారినా పార్లమెంటు పరిమాణం పదకొండు చేత భాగించబడేదిగానే ఉండాలి. ప్రజలు పెరిగారు, పట్టణాలకు వలస వచ్చారు, ఒక వర్గంలో జననాలు తగ్గాయి, మరొక వర్గంలో పెరిగాయి. 6:5 మాత్రం కదలలేదు.

4. లెక్కకు భయపడిన రాజ్యం

నిష్పత్తి మీద నిలిచిన రాజ్యం నిష్పత్తికి కలిగే ప్రతి కదలికకు భయపడవలసి వస్తుంది. ఆ భయం లెబనాన్‌లో సామాన్యుల ఇండ్లలోనికి ఎలా ప్రవేశించిందో మూడు ఉదాహరణలలో చూద్దాము.

మొదటిది శరణార్థులు. 1948లో సుమారు లక్షమంది పాలస్తీనీయులు లెబనాన్‌కు వచ్చారు. వారిలో అధికులు సున్నీ ముస్లింలు. క్రైస్తవులైన పాలస్తీనీయులలో చాలామందికి పౌరసత్వం దొరికింది. ముస్లింలైన అధికులు శిబిరాలలోనే తరతరాలు గడిపారు. 2011 తరువాత సిరియా యుద్ధం నుండి పారిపోయి వచ్చిన పదిలక్షలకు పైగా ప్రజల విషయంలోనూ ఇదే ఆందోళన వినబడింది. ఆకలిగొన్న మనిషిని చూసినప్పుడు ఇతడు ఏ నిష్పత్తిని మారుస్తాడు అన్న ప్రశ్న ముందు వచ్చింది.

రెండవది తల్లులు. 1925 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం పౌరసత్వం తండ్రి నుండి సంక్రమిస్తుంది. పరదేశిని వివాహం చేసుకున్న లెబనాన్ స్త్రీ తన బిడ్డకు తన దేశాన్ని ఇవ్వలేదు. దీనిని మార్చాలని స్త్రీలు ఎన్నో సంవత్సరాలు పోరాడుతున్నారు. ముస్లిం భర్తలు గల స్త్రీల పిల్లలు పౌరులైతే సమతూకం చెడుతుందన్నది వారికి ఎదురయ్యే ప్రధానమైన అభ్యంతరం.

మూడవది వివాహం. గుర్తింపు పొందిన మత వర్గాలు 18 ఉన్నాయి. ప్రతి వర్గానికీ తన వివాహ చట్టం ఉన్నది. దేశమంతటికీ వర్తించే పౌర వివాహ చట్టం లేదు. వేరు మతాలకు చెందినవారు వివాహం చేసుకోవాలంటే అనేకులు సైప్రస్‌కు వెళతారు. అక్కడ జరిగిన వివాహాన్ని లెబనాన్ గుర్తిస్తుంది! 1998లో అధ్యక్షుడు ఎలియాస్ హ్రావీ ఐచ్ఛిక పౌర వివాహ బిల్లును తీసుకువచ్చాడు. మంత్రివర్గం ఆమోదించినా అది చట్టం కాలేదు. ఇస్లాం పండితులు, క్రైస్తవ మతాధికారులు ఇద్దరూ దానిని వ్యతిరేకించారు. ఇతర విషయాలలో కలవనివారు ఇందులో కలిశారు.

దీనిని బట్టి ఒక విషయం గమనించాలి. 1926 నాటి తొమ్మిదవ అధికరణం మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చింది గాని, ఏ వర్గానికీ చెందని మనిషికి రాజ్యంలో చోటు చూపించలేదు. విశ్వాసం వ్యక్తి నిర్ణయంగా గాక పుట్టుకతో వచ్చే రిజిస్టరు సంఖ్యగా మారింది.

5. యుద్ధం, తాయిఫ్ ఒప్పందం

1970ల నాటికి క్రైస్తవులు అధిక సంఖ్యాకులు కారని లెబనాన్‌లో అందరికీ తెలుసు. షియా వర్గం బాగా పెరిగింది. అది బీద వర్గం కూడా. క్రైస్తవులు ఎక్కువగా విదేశాలకు వెళ్లారు. ముస్లిం నాయకులు కొత్త జనగణనను, సమాన భాగాన్ని కోరారు. క్రైస్తవ నాయకులలో అధికులు జనగణననూ, మార్పునూ తిరస్కరించారు. 1975 ఏప్రిల్ 13న బేరూతులోని అయిన్ అల్ రుమ్మానె వద్ద ఆరంభమైన హింస 1990 వరకు సాగింది. సుమారు లక్షా యాభై వేలమంది మరణించారని అంచనా.

ఈ యుద్ధానికి జనసంఖ్య ఒక్కటే కారణమని చెప్పడం అన్యాయం. పాలస్తీనా సాయుధ దళాలు, సిరియా, ఇజ్రాయేలు జోక్యం, ధనిక–బీద తారతమ్యం, ఇవన్నీ కారణాలే. క్రైస్తవులు క్రైస్తవులతో, ముస్లింలు ముస్లింలతో కూడా పోరాడారు. అయితే ప్రతి కలహాన్నీ వర్గాల వాటాల కలహంగా మార్చగల వ్యవస్థ అప్పటికే సిద్ధంగా ఉన్నదని మేము భావిస్తున్నాము.

1989 అక్టోబరులో సౌదీ అరేబియాలోని తాయిఫ్ పట్టణంలో, 1972లో ఎన్నికైన పార్లమెంటు సభ్యులలో మిగిలినవారు సమావేశమై ఒప్పందానికి వచ్చారు. 6:5 పోయింది, క్రైస్తవులకు, ముస్లింలకు చెరి సగం అయినది. అధ్యక్షుని అధికారాలు తగ్గి మంత్రివర్గానికి వెళ్లాయి. 1990లో సవరించిన రాజ్యాంగం, రాజకీయాలలో మత వర్గ పద్ధతిని దశలవారీగా రద్దు చేయడం జాతీయ లక్ష్యమని ప్రకటించింది. నేటికీ ఆ రద్దు జరుగలేదు. క్రైస్తవులు జనాభాలో సుమారు మూడవ వంతు అని అనధికార అంచనాలు చెబుతుండగా, 128 స్థానాలలో సగం వారికే ఉన్నాయి. 2025 జనవరిలో ఎన్నికైన అధ్యక్షుడు జోసెఫ్ ఔన్ కూడా మారోనైటే.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వద్దాము. జనసంఖ్య మారింది. సంఖ్య మీద కట్టిన 6:5 యుద్ధంలో కూలింది. కాని రాజ్యానికి అధికార మతం లేదన్న తొమ్మిదవ అధికరణం అలాగే ఉన్నది. ముస్లింలు అధిక సంఖ్యాకులైన తరువాత కూడా లెబనాన్ ఇస్లాం రాజ్యంగా ప్రకటించుకోలేదు. అక్కడ సంఘాలు ఆరాధిస్తున్నాయి, గ్రంథాలు ముద్రిస్తున్నాయి. 1932లో ఏర్పడిన నియర్ ఈస్ట్ స్కూల్ ఆఫ్ థియాలజీ బేరూతులో నేటికీ సేవకులను సిద్ధపరుస్తున్నది.

చెరి సగం వాటా వలననే ఆ స్వేచ్ఛ నిలిచిందని ఎవరైనా అనవచ్చు. అందులో కొంత సత్యమున్నది. అయితే సున్నీలు, షియాలు, ద్రూజులు ఒకే వర్గం కారు. వారిలో ఎవరూ ఒంటరిగా అధిక సంఖ్యాకులు కానందున, రాజ్య మతం అంటూ ఉంటే అది ఎవరిదన్న భయం ప్రతివారికీ ఉన్నది. అందుచేత తొమ్మిదవ అధికరణం క్రైస్తవుల ఆస్తిగా గాక అందరికీ అవసరమైనదిగా మారింది. అందరికీ అవసరమైనది నిలిచింది. కొందరి ఆధిక్యతను కాపాడేది నిలువలేదు.

6. అదే 1932లో భారతదేశం

బేరూతులో మతాల వారీ జనగణన జరిగిన 1932లోనే, ఆగస్టు నెలలో, బ్రిటిషు ప్రధాని రామ్సే మెక్డొనాల్డ్ కమ్యూనల్ అవార్డును ప్రకటించాడు. మతాల వారీ ప్రత్యేక నియోజకవర్గాలను అది స్థిరపరచింది. మన తెలుగు జిల్లాలు ఎక్కువగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో భారతీయ క్రైస్తవులకు 1919 చట్టం నుండే ఇటువంటి స్థానాలు ఉన్నాయి. మనకు కూడా లెబనాన్ మార్గం తెరిచే ఉన్నదన్నమాట.

ఆ మార్గాన్ని వ్యతిరేకించిన క్రైస్తవులలో దోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య ముఖ్యుడు. ఆయన అధ్యక్షతలో ఉన్న తెలుగు సంఘం వేగంగా పెరుగుతున్న రోజులవి. ప్రత్యేక స్థానాలు వస్తే లాభపడేది తన ప్రజలే. అయినను ఆయన ఒప్పుకోలేదు. సంఘాన్ని రాజకీయ వర్గంగా మార్చితే సువార్త ప్రకటన ఓట్లను కూడబెట్టే పనిగా కనబడుతుందని ఆయన గ్రహించాడు. యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్ నాయకుడు కె. టి. పాల్ కూడా మతాల వారీ నియోజకవర్గాలను ఎదిరించాడు.

రాజ్యాంగ సభలో ఈ సాక్ష్యం ఫలించింది. 1948 డిసెంబరు 6న మత ప్రచార హక్కు చర్చకు వచ్చింది. ఆ మాట తీసివేయాలని కొందరు కోరారు. కె. ఎం. మున్షీ దానిని సమర్థిస్తూ, లౌకిక రాజ్యంలో ఒక మతం తన సంఖ్యను పెంచుకున్నందువలన రాజకీయ లాభం ఉండదు గనుక ప్రచారానికి భయపడనక్కరలేదని వాదించాడు. 25వ అధికరణంలో ఆ మాట నిలిచింది. 1949 మే నెలలో, మైనారిటీ మతాలకు చట్టసభలలో స్థానాల రిజర్వేషను వద్దన్న తీర్మానాన్ని సలహా సంఘంలో ప్రతిపాదించినది బెంగాలు క్రైస్తవుడు, రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. సంఖ్యకు అధికారంతో సంబంధం తెంచినందువలననే ప్రకటనకు స్వేచ్ఛ దొరికింది.

మన దేశంలో ఆ సంబంధం పూర్తిగా తెగలేదని కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. దళిత క్రైస్తవులకు ఇవ్వలేదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం. ఈ సంఖ్యకూ ఆదివారం మన ఆరాధనలలో కూర్చునేవారి సంఖ్యకూ పొంతన లేదని గ్రామాలలో పనిచేసే సేవకులకు తెలుసు. తన బిడ్డ చదువు కోసం ధ్రువపత్రంలో ఒక మతం, మోకాళ్ల మీద మరొక విశ్వాసం మోయవలసిన తల్లి మీద రాళ్లు వేయడం సులభం. మతాన్ని బట్టి హక్కు మారేచోట లెక్క అబద్ధమాడుతుందని ముందుగా మనం గ్రహించాలి. ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో చేసిన మతమార్పిడి చట్టాల వెనుకనూ, తరువాత వచ్చిన వాటి వెనుకనూ, సంఖ్య మారుతుందన్న భయం ఉన్నది. మున్షీ చెప్పిన ఆ భరోసాను నేడు తిరిగి గుర్తుచేయవలసి వస్తున్నది.

7. సంఘానికి పాఠాలు

మొదటిది, సంఖ్యను చూపి బెదిరించడం మనకు తగదు. ఎన్నికల ముందు మన ఓట్లు ఇన్ని అని అభ్యర్థులకు చెప్పే సేవకులు మన మధ్య లేకపోలేదు. ఆ మాట చెప్పిన రోజున, మన ప్రతి బాప్తిస్మమూ ఒక ఓటు అని అనుమానించేవారికి మనమే సాక్ష్యం ఇస్తున్నాము. అజరయ్య భయపడినది ఇందుకే.

రెండవది, మనం కోరే స్వేచ్ఛ అందరికీ పనికివచ్చేదిగా ఉండాలి. ముస్లిం పొరుగువాని ఆరాధనకు, ఏ మతమూ లేనివాని మనస్సాక్షికి కూడా రక్షణ కోరినప్పుడే మన 25వ అధికరణం బలపడుతుంది. మన వర్గం కోసం మాత్రమే కోరినది, మన వర్గం తగ్గిన రోజున నిలువదు.

మూడవది, లేఖనం లెక్కించడాన్ని నిషేధించలేదు. సంఖ్యాకాండములో దేవుడే లెక్కించమన్నాడు. కాని దావీదు కత్తి దూయగలవారిని లెక్కించమన్నప్పుడు యోవాబు సహా అడ్డుచెప్పాడు (2 సమూయేలు 24). లూకా 15లో కాపరి కూడా లెక్కించాడు. తప్పిపోయిన ఒక్కదానిని వెదకడానికి. మన సంఘ రిజిస్టర్లు ఈ రెండింటిలో దేనికి ఉపయోగపడుతున్నాయో పరీక్షించుకోవాలి.

ముగింపు

జనసంఖ్య మారితే లౌకిక రాజ్యం నిలుస్తుందా అన్న ప్రశ్నకు లెబనాన్ ఇచ్చే జవాబు ఇది: ఒకరి ఆధిక్యతను కాపాడడానికి కట్టిన భాగం నిలువదు, ప్రతి మనిషి మనస్సాక్షిని కాపాడడానికి కట్టిన భాగం, అనేక లోపాలతోనైనా, నిలువగలదు. దానిని నిలబెట్టే పని, సంఖ్యలో అధికులైనా అల్పులైనా, అందరి మీద ఉన్నది. యిర్మీయా 29:7లో బబులోనులోని చెరవారికి దేవుడు ఆ పట్టణ క్షేమాన్ని కోరమని ఆజ్ఞాపించాడు. వారు ఆ పట్టణంలో ఎంత శాతమో అక్కడ వ్రాయబడలేదు.